పదకొండేళ్ల తర్వాత మళ్ళీ రాయాలనుంది... ఎక్కడ మొదలుపెట్టను?

సుద్దముక్క | శనివారం, రాత్రి 10:52

అందరికీ నమస్కారం. 2009 నుంచి 2014 దాకా నేను నెట్‌లో రాసేదాన్ని. పెద్ద రచయిత్రినేం కాదు. బడి, పిల్లలు, మా మందిరం, మా నాన్న సైకిలు, ఇలాంటివే. తర్వాత బదిలీ, రెండో కాన్పు, మామగారి పక్షవాతం ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఆగిపోయింది. ఈమధ్య మళ్ళీ చెయ్యి దురద పెడుతోంది.

నా రోజు సంగతి చెప్తే మీకే అర్థమవుతుంది. ఇల్లు నరసరావుపేటలో. బడి ఇరవై రెండు కిలోమీటర్లు. హైస్కూల్లో లెక్కలు చెప్తాను. నాలుగున్నరకి లేస్తే ఆరున్నరకల్లా రెండు కూరలు, మామగారికి జావ, మూడు బాక్సులు అవ్వాలి. ఏడూ నలభై బస్సు తప్పిందంటే తొమ్మిదికి బళ్ళో ఫోన్‌లోని యాప్‌కి మొహం చూపించలేను, హాజరు పడదు. సాయంత్రం పదో తరగతికి స్పెషల్ క్లాసులు. ఇంటికొచ్చాక చిన్నాడి హోంవర్కు, పెద్దదాని అలకలు, తొమ్మిదిన్నరకి కుటుంబ ప్రార్థన. ఆదివారం ఖాళీ కదా అంటారు అందరూ. పొద్దున సండే స్కూలు నాదే, తర్వాత ఆరాధన, మధ్యాహ్నం స్త్రీల సమాజం. డిసెంబరొస్తే సెమీ క్రిస్మస్‌లు, క్యారల్స్, ఇంటికి తాళమే.

మొన్న పేపర్లు దిద్దుతూ దిద్దుతూ ఒక పేపరు వెనక ఖాళీలో ఎర్ర ఇంకుతో నాలుగు లైన్లు రాసేశాను, నాకు తెలియకుండానే. ఆ పిల్లాడికి పేపరెలా ఇచ్చేది? పైన తెల్లకాగితం అంటించి ఇచ్చా. వాడు దాన్ని కిటికీకి ఎదురుగా పట్టుకుని "మేడమ్, లోపలేదో ఉంది" అని చదవబోతున్నాడు వెధవ. లాక్కున్నా.

అందుకే అడుగుతున్నా. ఎప్పుడు రాస్తున్నారు మీరంతా? ఎంత రాస్తున్నారు? ఇంకా సవాలక్ష ఉన్నాయి గానీ ముందు ఇది చెప్పండి.

గోదారిగట్టు | శనివారం, రాత్రి 11:20

2009 అంటే మా కాలమే! లేఖిని సైటులో ఆర్టీఎస్ (ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు) కొట్టి, కాపీ చేసి, పేస్ట్ చేసి, తెలుగు బ్లాగులన్నీ ఒకచోట చూపించే కూడలిలో మన టపా కనపడిందా లేదా అని పది నిమిషాలకోసారి చూసుకునే రోజులు. 'జ్ఞానం' కొట్టడానికి అరగంట పట్టేది నాకు. నలుగురు చదివితే పండగ. ఆ నలుగురిలో ఇద్దరు వ్యాఖ్య రాసేవారు, ఒకాయన తప్పులు దిద్దేవారు.

మళ్ళీ రండి మేడమ్. ఇప్పుడు రాయడం తేలికైంది, చదివేవాళ్ళకే ఓపిక తగ్గింది.

మిరపతోట | ఆదివారం, ఉదయం 5:48

అక్కా, మాది మీ పక్క మండలమే అనుకుంటా. నేను బస్సులో నోటితో చెప్పేస్తాను, ఫోనే టైపు చేసుకుంటుంది. ముప్పావు గంట ప్రయాణంలో రెండు పేజీలు వస్తాయి. కాకపోతే దిద్దుకోకుండా ఎక్కడా పెట్టొద్దు. "సమ్మేటివ్ పరీక్షలు" అంటే "సమ్మె టీవీ పరీక్షలు" అని రాసింది ఒకసారి. దాన్ని అలాగే మా స్టాఫ్ గ్రూపులో పెట్టాను. రెండు రోజులు నన్ను సమ్మె టీవీ అనే పిలిచారు.

ఇంకో ఇబ్బంది, బస్సులో పక్కనున్నవాళ్ళు వింటారు. నేను మా అత్తగారి గురించి చెప్తుంటే వెనక సీట్లో ఆవిడ "తర్వాత ఏమైందమ్మా" అంది.

డాలస్ అత్తయ్య | ఆదివారం, ఉదయం 8:15

అమ్మాయ్, నేను ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరై కొడుకు దగ్గరికి వచ్చినదాన్ని. టైము దొరకదు అనేవాళ్ళని చాలామందిని చూశాను, నన్ను నేను అద్దంలో చూసుకున్నది కూడా కలిపి. జావ కాచే పదిహేను నిమిషాలు గరిటె తిప్పుతూ నిలబడాల్సిందే కదా, ఆ గట్టు మీద ఒక నోటుబుక్కు పడేసి ఉంచు. తడుస్తుంది, తడవనీ.

కానీ నువ్వు టైము గురించి అడుగుతున్నట్టు లేదు నాకు. పదకొండేళ్ళు టైము లేక ఎవరూ ఆగరు. ఎవరో ఏదో అన్నారు. అవునా?

సగంపేరు | ఆదివారం, ఉదయం 11:02

అత్తయ్య గారి మాట పట్టుకుని నా సంగతి చెప్తాను. నేనూ టీచర్నే, క్రిస్టియన్నే. పన్నెండేళ్ళుగా రాస్తున్నా, సొంత పేరుతో ఒక్కటీ లేదు. కారణం దేవుడూ కాదు, బడీ కాదు. కులం కాగితం.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట ప్రధానంగా హిందువులకే ఉండేది. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి ఇచ్చారు. క్రైస్తవులకి లేదు. మన దగ్గర ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్ళు బీసీ-సి, రిజర్వేషను ఒక్క శాతం. నాది ఆ కాగితమే, నాకు దాపరికం లేదు. మా అన్నదమ్ముల ఇళ్ళల్లో అందరిదీ అదే కాగితం కాదు. నేను మా మందిరం గురించి ఫొటో పెట్టి ముచ్చటగా ఒక పేజీ రాశాననుకోండి, ఎవరో దాన్ని తీసుకెళ్ళి ఇంకెవరి ఉద్యోగం మీదో అర్జీ పెట్టొచ్చు. ఇది తప్పా ఒప్పా అని ఇక్కడ వాదనకి దిగొద్దు దయచేసి. ఒక ఆడమనిషి మందిరంలో పాట పాడానని రాసుకోవడానికి కూడా ఇంతమంది మొహాలు గుర్తుకొస్తాయని చెప్తున్నానంతే.

పెన్నేమ్ పెట్టుకోండి సుద్దముక్క గారూ. ఊళ్ళ పేర్లు మార్చండి. చేతనైతే అత్తగారి చీర రంగు కూడా మార్చండి.

సుద్దముక్క | ఆదివారం, రాత్రి 10:31

అత్తయ్య గారూ, ఎలా పట్టేశారు? మీ పోస్టు పొద్దున్నుంచీ నా బుర్రలోనే ఉంది. సండే స్కూల్లో 'మార్త, మరియ' కథ చెప్తూ మధ్యలో ఆగిపోయాను. యేసు ఇంటికొస్తే మార్త పనిలో పడింది, మరియ కూర్చుని ఆయన మాటలు విన్నది, అంతవరకూ సరే. ఆ రోజు అన్నం చివరికి ఎవరు వండారో ఎవరూ రాయలేదేంటి అనిపించింది. పిల్లల ముందు అనలేదు లెండి.

సరే, చెప్తాను. 2014లో మా బళ్ళో ఆరో తరగతి పిల్లాడికి రక్తం జబ్బు వచ్చింది. గుంటూరులో ఆస్పత్రి. మా సంఘమంతా ఉపవాసం ఉండి ప్రార్థన చేశాం, నేను మూడు శుక్రవారాలు ఉన్నా. పిల్లాడు పోయాడు. నాకు తోచింది నేను రాశాను, పేర్లు లేకుండా. వాడి సీటు దగ్గర బల్ల మీద కంపాస్ ముల్లుతో చెక్కిన విమానం బొమ్మ గురించి రాశాను. చివర్లో "నాకు తెలియదు" అని ముగించాను. నా మనసులో ఉన్నది అదే మరి.

ఆదివారం ఆరాధన అయ్యాక ఒక పెద్దాయన అందరి ముందూ అన్నారు: "సాక్ష్యం అలా ముగించకూడదమ్మా. చదివినవాళ్ళ విశ్వాసం ఏమవుతుంది?" కోపంగా అనలేదు, నెమ్మదిగానే అన్నారు. అదే ఎక్కువ గుచ్చుకుంది. మా ఆయన దార్లో ఏమీ మాట్లాడలేదు. ఇంటికొచ్చి రాసినవన్నీ తీసేశాను. ఐదేళ్ళ రాతలు. బ్యాకప్ లేదు. అంతకుముందు డీటీపీలో అను ఫాంటులో కొట్టించినవి ఒక సీడీలో ఉన్నాయి, తెరిస్తే పిచ్చి గుర్తులు వస్తున్నాయి.

మందిరం వెనకిల్లు | ఆదివారం, రాత్రి 11:45

వందనాలమ్మా. నేను పాస్టరు గారి భార్యని. పేరు వద్దు, ఊరు వద్దు.

ఆ పెద్దాయన లాంటివాళ్ళు మాకూ ఉన్నారు, మంచివాళ్ళే. మనకి సాక్ష్యం అంటే ఒక అచ్చు ఉంది కదా. కష్టం వచ్చింది, ప్రార్థించాం, దేవుడు కార్యం చేశాడు, ఆమేన్. ఆ అచ్చులో పట్టనిది చెప్పడానికి మైకు ఇవ్వరు. ఇరవై మూడేళ్ళుగా మైకు పక్కనే కూర్చుంటున్నాను, నాకు తెలుసు.

కానీ బైబిల్లో 88వ కీర్తన ఒకసారి తీసి చదువు. నూట యాభైలో అది వేరు. మొర పెట్టడంతో మొదలై చీకటి మాటతోనే అయిపోతుంది. మిగతా విలాప కీర్తనల్లో చాలావాటిలో చివరికైనా ఒక నెమ్మది మాట వస్తుంది. ఇందులో ఆ మాట రాదు. దాన్ని ఎవరూ తీసేయలేదు, చివర్లో మంచి మాట ఒకటి అతికించనూ లేదు. వేల ఏళ్ళు అలాగే ఉంచారు. మా ఇంట్లో బాబు పోయిన ఏడాది నేను అదొక్కటే చదువుకున్నాను.

నీ విమానం బొమ్మ మళ్ళీ రాయమ్మా. ఎవరికీ చూపించకపోయినా రాయి.

ఎర్రబస్సు | సోమవారం, ఉదయం 7:10

నాకు ఒకటి నచ్చట్లేదు, ముక్కుసూటిగా చెప్తున్నా. ఇది సాహిత్యం మాట్లాడుకునే చోటు. కీర్తనలు, సాక్ష్యాలు అంటూ మతం తెస్తే రేపు ఇంకొకరు ఇంకోటి తెస్తారు. టీచరుగా రాయండి, తల్లిగా రాయండి. అది పక్కన పెట్టండి.

గోదారిగట్టు | సోమవారం, ఉదయం 7:55

ఎర్రబస్సు గారూ, మీరు పోయినేడు కార్తీక పౌర్ణమికి ద్వారపూడి వెళ్ళొచ్చి రాసిన దీపాల పోస్టు నేను మూడుసార్లు చదివాను. అప్పుడు ఎవరూ పక్కన పెట్టమనలేదు. ఆవిడ ఎవర్నీ మారమనట్లేదు కదండీ, తన ఇంట్లో తొమ్మిదిన్నరకి ఏం జరుగుతుందో చెప్తోంది.

అయినా వాళ్ళ జిల్లాకి ఇదేమీ కొత్త కాదు. 1895లో వినుకొండలో పుట్టిన జాషువా గారు బడిపంతులే. 1964లో ఆయనకి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది 'క్రీస్తు చరిత్ర'కే. గుళ్ళో పురాణం చెప్పేవాళ్ళ దగ్గరా, చర్చిలో పాటలు పాడేవాళ్ళ దగ్గరా పెరిగిన తెలుగే మనందరిదీ.

ఎర్రబస్సు | సోమవారం, ఉదయం 8:02

దీపాలు వేరు. సరే, రాయనివ్వండి, చూద్దాం.

కోర్టుమెట్లు | సోమవారం, మధ్యాహ్నం 1:40

పుల్లలు పెట్టడానికి కాదు, జాగ్రత్తకి చెప్తున్నా. మేడమ్ ప్రభుత్వ ఉద్యోగి కాబట్టి 1964 నాటి ప్రవర్తనా నియమావళి ఉంటుంది. ప్రభుత్వ విధానాల మీద బహిరంగంగా విమర్శ రాస్తే ఇబ్బంది. పూర్తిగా సాహిత్యపరమైన రాతకి ఆ పేచీ ఉండదు. "యాప్‌లు మా ప్రాణం తీస్తున్నాయి" అని వ్యాసం రాయడం వేరు, "ఏడూ నలభై బస్సు తప్పింది" అని రాయడం వేరు. రెండోదాంట్లో మొదటిది ఎలాగూ తెలుస్తుంది, అది మీ నేర్పు.

పిల్లల విషయం అసలైనది. ఆపదలో ఉన్న పిల్లలు, నేరం జరిగిన పిల్లలు, కేసుల్లో చిక్కిన పిల్లలు, వీళ్ళ గుర్తింపు బయటపెట్టడాన్ని 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షను నిషేధిస్తుంది. పేరొక్కటి తీసేస్తే సరిపోదు. బడి, ఊరు, ఫొటో, ఇవి చాలు పోల్చుకోవడానికి. పోయిన పిల్లాడి గురించి రాసేటప్పుడు వాళ్ళ అమ్మ చదువుతోందనుకుని రాయండి. ఇది చట్టంలో లేదు, నేను చెప్తున్నా.

పంతొమ్మిదేళ్ళు | సోమవారం, రాత్రి 9:05

ఆంటీ, మా అమ్మ కూడా రాస్తుంది. నా గురించి చాలా రాసింది. నేను ఎనిమిదో తరగతిలో పక్క తడిపాను అని ఒక "ఆణిముత్యం" ఉంది. ఇంటర్‌లో మా క్లాసు వాళ్ళకి దొరికింది. ఇంకేం చెప్పను.

అమ్మ మంచిగానే రాసింది. చదివితే నాకే ఏడుపొచ్చింది. కానీ అది నాది కదా, నన్ను అడగలేదు. మీ అమ్మాయిని అడగండి ప్లీజ్.

సుద్దముక్క | సోమవారం, రాత్రి 10:58

అడిగాను తల్లీ, ఇప్పుడే. చేతిలో ఫోన్ దించకుండానే షరతులు చెప్పింది. ఫొటో వద్దు. మార్కులు వద్దు. వంట రాదన్న సంగతి వద్దు. "మా చిట్టితల్లి" అనే మాట జన్మలో వద్దు. "తమ్ముడి గురించి ఎంత కావాలంటే అంత రాసుకో" అంది.

మా ఆయనకీ చెప్పాను. కాసేపు ఆగి, "అప్పుడు నేను ఏమీ మాట్లాడలేదు కదా" అన్నారు. పదకొండేళ్ళ నాటి దారి గుర్తుంది ఆయనకి! ఇంకేం అనలేదు. లేచి వెళ్ళి పప్పు నానబోసి వచ్చారు. మా ఇంట్లో అది చిన్న సంగతి కాదు.

అచ్చుతప్పు | మంగళవారం, ఉదయం 6:30

సీడీ పారేయకండి. అను ఫాంట్లలో కొట్టినవి యూనికోడ్ కాదు, అందుకే పిచ్చి గుర్తులు. అక్షరం అక్కడ లేదు, అక్షరం బొమ్మ ఉందంతే. మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. ఒత్తులు కొన్ని తారుమారవుతాయి, కూర్చుని దిద్దుకోవాలి. ముందు సీడీని వేరేచోటికి కాపీ చేయండి, పాత సీడీలు ఎప్పుడు మొరాయిస్తాయో చెప్పలేం.

సుద్దముక్క | బుధవారం, రాత్రి 11:36

జావ దగ్గర మూడు రోజులు రాశాను. నోటుబుక్కు నిజంగానే తడిసింది. విమానం బొమ్మ ఇంకా చేతకావట్లేదు, ఇది ఈ ఏడాది సంగతి. మొహమాటం లేకుండా చెప్పండి.

*ఫిబ్రవరిలో ఏడో తరగతిలోకి ఒక పిల్ల వచ్చింది. మిరపకోతలకి వచ్చిన కుటుంబం. కర్నూలు వైపు నుంచి ఏటా వస్తారు, తోటల పక్కన టార్పాలిన్ పట్టాలు కట్టుకుని ఉంటారు, కోతలయ్యాక వెళ్ళిపోతారు. రిజిస్టర్లో పేరు లేదు. "కూర్చోనివ్వండి, మధ్యాహ్నం అన్నమన్నా తింటది" అన్నారు హెచ్చెమ్ గారు.*

*మొదటి రోజు బోర్డు మీద 42 ఇంటూ 17 వేశాను. మావాళ్ళు పుస్తకాలు తెరిచేలోపే వెనక బెంచీలోంచి "ఏడొందల పద్నాలుగు" అని వినపడింది. ఎలా చెప్పావే అంటే, "మాయమ్మ కిలోలు లెక్కేసేది నేనే కదా మేడమ్" అంది. మేస్త్రీ చెప్పిన లెక్కకీ ఈ పిల్ల లెక్కకీ తేడా వస్తే అమ్మ ఈ పిల్ల మాటే నమ్ముతుందట.*

*పెన్సిలు మాత్రం పట్టేది కాదు. బద్ధకం అనుకుని ఒకరోజు గద్దించాను. చేతులు వెనక్కి పెట్టుకుంది. లాగి చూశాను. శని ఆదివారాలు తనూ కోతకి వెళ్తోంది. వేళ్ళ చివర్లు ఉబ్బి నున్నగా మెరుస్తున్నాయి, గోళ్ళ పక్కన చర్మం లేచిపోయి ఉంది. స్టాఫ్‌రూములో కొబ్బరినూనె ఉంటే తెచ్చి రాశాను. రాసిన చేత్తోనే కళ్ళజోడు తీసి కన్ను నలుపుకున్నాను. ఆ పీరియడంతా నీళ్ళే. "మేడమ్ ఏడుస్తున్నారు" అని క్లాసు క్లాసంతా గప్‌చుప్. ఆ పిల్ల ఒక్కతే నవ్వింది. "కంటికి నూనె పనికిరాదు మేడమ్, నీళ్ళు కొట్టుకోండి. చేతికి పెరుగు పూయండి" అంది.*

*ఆ రాత్రి ప్రార్థనలో దాని పేరెత్తాను. "ప్రభువా, ఈ పిల్లకి" అని ఆగిపోయాను. ఏమడగాలో తోచలేదు. ఇక్కడే ఉంచమనా? ఉంచితే ఎక్కడుంటుంది? మావాడు కళ్ళు తెరిచి నావైపు చూస్తున్నాడు. ఆమేన్ అనేశాను.*

*మార్చిలో ఒక సోమవారం రాలేదు. సాయంత్రం తోట దగ్గరికి వెళ్ళాను. పట్టాలు లేవు. నాలుగు గుంజల గుంతలు, మూడు పొయ్యిరాళ్ళు. ఒక రాయి మీద బొగ్గుతో అంకెలున్నాయి. 38, 41, 36. కింద గీత, గీత కింద 115. కూడి చూశాను. సరిపోయింది.*

మందిరం వెనకిల్లు | గురువారం, ఉదయం 5:20

"ప్రభువా, ఈ పిల్లకి" దగ్గర ఆగినచోట నేనూ ఆగిపోయాను. దాన్ని ఎక్కడా పూర్తి చేయకు.

మిరపతోట | గురువారం, ఉదయం 5:50

అక్కా, మా తోటకీ వస్తారు అక్కడివాళ్ళు. టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క చూసుకుంటామే గానీ వాళ్ళ పిల్లలు ఏ బడికి వెళ్తున్నారని ఒక్క ఏడాది కూడా అడగలేదు నేను.

కోర్టుమెట్లు | గురువారం, ఉదయం 9:15

బాగుంది. కానీ పేట నుంచి ఇరవై రెండు కిలోమీటర్లు అని పైన మీరే రాశారు. ఏడో తరగతి, ఫిబ్రవరి. పోల్చుకునేవాళ్ళు పోల్చుకుంటారు.

ఎర్రబస్సు | గురువారం, మధ్యాహ్నం 12:30

మతం ఎక్కడుందా అని వెతికాను. నాలుగు లైన్లుంది. ఆ నాలుగూ తీసేస్తే పిల్ల కనపడట్లేదు. తీయొద్దు. 'గప్‌చుప్' మాత్రం బాలేదు, మార్చండి.

సుద్దముక్క | గురువారం, రాత్రి 10:47

గప్‌చుప్ మారుస్తాను ఎర్రబస్సు గారూ.

లాయరు గారూ, దూరం మొదటి పోస్టులోనే మార్చి రాశాను, తరగతి కూడా. లెక్కల టీచర్ని, ఏ అంకె మార్చినా తర్వాతివి సరిపోవాలి కాబట్టి జాగ్రత్తగానే మార్చాను. 115 మాత్రం నిజం.

డాలస్ అత్తయ్య | గురువారం, రాత్రి 11:30

రెండోది ఎప్పుడమ్మాయ్?

సుద్దముక్క | గురువారం, రాత్రి 11:34

వచ్చే బుధవారం అత్తయ్య గారూ. ఈ వారం పేపర్లు ఇంకా అరవై ఉన్నాయి, చిన్నాడి బూటు ఒకటే కనపడుతోంది, రెండోది వెతుకుతున్నాం.